స్లో కుక్ మీద ఆరు గంటలు పెట్టినా మటన్ ఉడకలేదు, కుక్కర్ పాడైందా?

హన్మకొండ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్తే. మా ఇంట్లో ఆరు లీటర్ల ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ ఉంది. దాంట్లో స్లో కుక్ బటన్ చూసి, పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు మటన్ వేసి పోతే సాయంత్రానికి కూర తయారుగా ఉంటుంది కదా అనుకున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన కిలో మటన్, కోసిన ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, కారం, నీళ్లు అన్నీ ఒకేసారి వేసి ఆరు గంటలు పెట్టాను. వచ్చి చూస్తే ముక్క పంటికి సాగుతోంది, ఉల్లిగడ్డ పచ్చివాసన పోలేదు, పైనంతా నీళ్లు తేలుతున్నాయి. మా అత్తమ్మ "కట్టెల పొయ్యి మీదనన్న ఈపాటికి ఉడికేది" అంటున్నారు. కుక్కర్‌లో లోపమా, నేను పెట్టడంలో లోపమా?

కాజీపేట నుంచి జవాబు:
కుక్కర్‌కు ఏం కాలేదక్కా. అసలు స్లో కుక్కర్ వేరు, మన కుక్కర్‌లో ఉండే స్లో కుక్ బటన్ వేరు. అసలు స్లో కుక్కర్‌లో మందపాటి పింగాణీ గిన్నె ఉంటుంది, వేడి చుట్టూ పక్కల నుంచి తగులుతుంది. మనదాంట్లో గిన్నె పల్చటి స్టీలు, హీటరు అడుగున మాత్రమే. వేడి ఎంతుందో చూసే సెన్సర్ కూడా అడుగునే ఉంటుంది. అడుగు కాగగానే అది కరెంటు ఆపేస్తుంది, పైన ఉన్న ముక్కలు మాత్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటాయి. మీరు చల్లటి మటన్, చల్లటి నీళ్లు పోశారు కాబట్టి మొదటి రెండు మూడు గంటలు వేడెక్కడానికే పోయి ఉంటాయి.

ఇంకో సంగతి. బటన్ నొక్కి వదిలేస్తే చాలా కుక్కర్లు 'నార్మల్' అనే మధ్య వేడి మీద నడుస్తాయి. ఇన్‌స్టంట్ పాట్ డ్యుయో అనే ఎలక్ట్రిక్ కుక్కర్ లాంటి వాటిలో లెస్ అంటే 82 నుంచి 88 డిగ్రీలు, నార్మల్ 88 నుంచి 93, మోర్ 93 నుంచి 99 దాకా. పింగాణీ స్లో కుక్కర్‌లో అయితే 'లో' (తక్కువ) పెట్టినా 'హై' (ఎక్కువ) పెట్టినా చివరికి దాదాపు మరిగే వేడికి చేరుతుంది, చేరే టైమే తేడా. అందుకే ఆ కుక్కర్ కోసం రాసిన వంటలు, వాటిలో చెప్పిన గంటలు మనకు సరిపోవు. మటన్‌లో ముక్కను పట్టి ఉంచే కొల్లాజెన్ కరిగి జెలటిన్ కావాలి. 70 డిగ్రీలు దాటాక అది మెల్లగా మొదలవుతుంది, 90 దాటితే చురుగ్గా సాగుతుంది. ఆ వేడి ముక్క లోపలికి చేరితేనే లెక్క, డిస్‌ప్లే మీద గంటలు తిరిగితే కాదు.

ఈసారి ఇలా చేయండి. ముందు సాటే (వేయించే బటన్) పెట్టి, నూనెలో ఉల్లిగడ్డ ఎర్రగా వేయించండి. అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, మటన్ వేసి, ముక్కల్లోంచి ఊరిన నీరు ఇగిరేదాకా తిప్పండి. చపాట మిర్చి కారం ఉంటే అదే వేయండి, కూరకు రంగు వస్తుంది, గొంతు మండదు. తర్వాత బాగా కాగిన నీళ్లు పోయండి, ముక్కలు సగం మునిగితే చాలు. మూత పెట్టాక ఆవిరి పెద్దగా బయటికి పోదు, మామూలు కూరకు పోసినన్ని పోస్తే మళ్లీ నీళ్లు తేలుతాయి. అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీకి, సాటే మీదే కుతకుత ఉడుకు పట్టనివ్వండి. అప్పుడు స్లో కుక్, 'మోర్', ఏడు నుంచి ఎనిమిది గంటలు. మూత మీది వాల్వ్ వెంటింగ్ (ఆవిరి వదిలే) వైపే ఉండాలి. మధ్యలో మూత తీసి చూడొద్దు, తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ ఎక్కడానికి చాలాసేపు పడుతుంది. గరం మసాలా, కొత్తిమీర చివర్లోనే. పులుసు పల్చగా ఉంటే మూత తీసి పది నిమిషాలు సాటే పెడితే దగ్గర పడుతుంది.

ముందే ఉడుకు పట్టించమనేది రుచి కోసమే కాదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య మాంసంలో బ్యాక్టీరియా త్వరత్వరగా పెరుగుతుంది, ఆ మెట్టు తొందరగా దాటించాలి. గడ్డకట్టిన మటన్‌ను అయితే స్లో కుక్‌లో అసలు వేయకూడదు.

జనగామ నుంచి:
అన్నా, ప్రెషర్ మీద అరగంటలో అయ్యే మటన్‌కు ఎనిమిది గంటలెందుకు? పొద్దునే అన్నీ వేసి డిలే స్టార్ట్ (చెప్పిన టైముకు దానంతటదే మొదలయ్యే బటన్) పెట్టుకుంటే ఆమె ఇంటికొచ్చేసరికి ప్రెషర్‌లోనే అయిపోతుంది కదా.

కాజీపేట నుంచి:
మామూలు మటన్ కూరకు ప్రెషరే మంచిది, ఒప్పుకుంటాను. డిలే స్టార్ట్ మాత్రం పచ్చి మాంసానికి వద్దు. ఏప్రిల్, మేలో మన దగ్గర 42, 43 డిగ్రీలు కొడుతుంటే వంటింట్లో ఐదారు గంటలు పచ్చి మటన్ పెట్టి ఉంచడమేంది? బియ్యానికో, నానేసిన శనగలకో అయితే పెట్టుకోవచ్చు.

స్లో కుక్ పనికొచ్చేవి వేరే ఉన్నాయి. పాయా ఒకటి. కాళ్లు కడిగి, ఒక ఉడుకు రాగానే ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వేడినీళ్లతో మోర్ మీద రాత్రంతా, అంటే పది గంటలు పెట్టండి. మరిగి మరిగి పొర్లదు కాబట్టి రసం తేటగా ఉంటుంది, చల్లారితే గడ్డకడుతుంది. హలీం చేస్తే గోధుమలు, మటన్ ముందు ప్రెషర్‌లో ఉడికించి, మెదిపి, తర్వాతే స్లోలో పెట్టండి. వేడి అడుగు నుంచే కదా, గోధుమ పిండిలా చిక్కబడి అంటుకుంటుంది, దీనికి మాత్రం మధ్యలో కలపక తప్పదు. ఇక పాలు. పాత ఇళ్లల్లో పిడకల దాలి మీద పొద్దంతా కాగి మీగడ కట్టేవి చూడండి, మూత కొంచెం వారగా పెట్టి లెస్ మీద వదిలితే దాదాపు అలాగే కాగుతాయి.

నర్సంపేట నుంచి:
నేను రాజ్మా పెడదామనుకుంటున్నా. నానబెట్టి రాత్రి స్లోలో వేస్తే పొద్దుటికి మెత్తగా అవుతుందా?

కాజీపేట నుంచి:
రాజ్మా మాత్రం వద్దు తమ్మీ. ఎర్ర రాజ్మా గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. కుతకుత మరిగితేనే అది చస్తుంది. మరగని వేడిలో గంటలకొద్దీ ఉంచితే గింజ మెత్తబడుతుంది గానీ విషం పోదు, సరిగా ఉడకని గింజలు కొన్ని తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఐదు గంటలకు తక్కువ కాకుండా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ప్రెషర్‌లోనే ఉడికించండి. స్లోలోనే కావాలంటే ముందు పొయ్యి మీద అరగంట మరిగించి వేయండి.

పప్పులూ గింజలూ ఎంతకీ మెత్తబడకపోతే నీళ్లు కూడా చూసుకోండి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే గింజ బిగుసుకుపోతుంది. చింతపండు, టమాట ముందే వేసినా అంతే, గింజ ఉడికాక వేయాలి.

కరీంనగర్ నుంచి:
మా బిడ్డ అమెరికా నుంచి ఇలాంటి కుక్కర్ ఒకటి తెచ్చింది. ప్లగ్గుకు అడాప్టర్ పెట్టి వాడొచ్చా?

కాజీపేట నుంచి:
వాడొద్దు సార్. వెనకో అడుగునో లేబుల్ ఉంటుంది చూడండి. 120 వోల్టులని రాసుంటే మన 230కి పెట్టగానే కాలిపోతుంది. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీ తగ్గించదు. వెయ్యి వాట్ల కుక్కర్‌కు వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనడం కంటే ఇక్కడే ఇంకో కుక్కర్ కొనుక్కోవడం నయం.

హన్మకొండ నుంచి:
ఆదివారం మీరు చెప్పినట్టే చేశాను, ఎముక నుంచి ముక్క దానంతటదే ఊడొచ్చింది. అత్తమ్మ రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఈ వారం రాత్రి పాయా పెడతాను. ఒకటే టెన్షన్, నిద్రలో ఉండగా కరెంటు పోతే?

కాజీపేట నుంచి:
అది మోడల్‌ను బట్టి ఉంటుంది, పగలే తేల్చుకోండి. గిన్నెలో నీళ్లు పోసి స్లో కుక్ పెట్టి, ఐదు నిమిషాలయ్యాక స్విచ్ ఆపి, నిమిషం ఆగి మళ్లీ వేయండి. వదిలిన దగ్గరి నుంచి లెక్క కొనసాగితే సరే. మెనూ మొదటికొస్తే కరెంటు వచ్చినా కుక్కర్ ఖాళీగా కూర్చుంటుంది, అలాంటిదాంతో రాత్రి పెట్టొద్దు, సెలవు రోజు పగలు పెట్టుకోండి. పొద్దున లేచేసరికి ఆగిపోయి, పాయా గోరువెచ్చగా ఉండి, ఎప్పుడు ఆగిందో తెలియకపోతే మరగబెట్టి తిందామనుకోకండి, పారబోయండి. అన్నట్టు మూతలోని రబ్బరు రింగు పాయా వాసన బాగా పీల్చుకుంటుంది, పాలకూ పాయసానికీ వేరే రింగు ఒకటి తెప్పించి పెట్టుకోండి.