బయాప్సీ లేకుండా టీబీ మందులు మొదలెట్టొచ్చా?

వేళచ్చేరి వాసి: మా బావమరిదికి 36 ఏళ్లు. మూడు నెలలుగా పొడి దగ్గు. సీటీలో ఊపిరితిత్తుల మొదట్లో రెండు వైపులా బిళ్లలు (ఉబ్బిన లింఫు గ్రంథులు) కనబడ్డాయి. కళ్లెలో టీబీ క్రిమి లేదన్నారు. ఒక డాక్టరు టీబీ మందులు ఆర్నెల్లు వాడి చూద్దామంటున్నారు. ఇంకొకాయన సార్కాయిడోసిస్ (టీబీలాగే కనబడే, అంటుకోని జబ్బు) కావచ్చు, ముక్క తీయాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

తాంబరం తాతయ్య: 30 ఏళ్లు ల్యాబులో కళ్లె స్లైడ్లు చూసినవాణ్ణి. మిల్లీలీటరుకి 5,000 నుంచి 10,000 క్రిములుంటే గాని మైక్రోస్కోపులో దొరకవు. కనబడలేదంటే లేవని కాదు. మందులు మొదలెట్టండి.

మడిపాక్కం అక్క: తాతయ్యగారూ, ఈ మాట వినే మా ఆయన ఐదు నెలలు మింగారు. ఎర్రటి ఒంటేలు, అన్నం చూస్తే వాంతి, దగ్గు మాత్రం ఎక్కడిదక్కడే. మాంటూ పరీక్షకి (టీబీ కోసం చర్మంలోకి సూది వేసి, ఉబ్బుతుందేమో చూస్తారు) ముంజేతి మీద నర్సు పెన్నుతో గీసిన గుండ్రం మూడో రోజుకీ చదునుగానే ఉంది. సార్కాయిడోసిస్‌లో తరచూ అంతేనట. అప్పుడే ఎవరైనా ఆగి ఆలోచించాల్సింది! చివరికి ఈబస్ చేశారు. నోట్లోంచి గొట్టం దింపి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ బిళ్లలోంచి సూదితో తీస్తారు. గ్రాన్యులోమాలని (కణాలు గుమిగూడిన చిన్న గడ్డలని) వచ్చింది.

తాంబరం తాతయ్య: అవి టీబీలోనూ ఉంటాయి కదమ్మా.

మడిపాక్కం అక్క: ఉంటాయి. టీబీలో మధ్యన జున్నులా కుళ్లుతుంది, ఇందులో మామూలుగా కుళ్లదు. అదొక్కటే నమ్మలేక జీన్‌ఎక్స్‌పర్ట్‌కీ (టీబీ క్రిమి జన్యువుని వెతికే పరీక్ష), కల్చర్‌కీ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) పంపారు. రెండింట్లోనూ ఏమీ రాలేదు. తర్వాతే స్టెరాయిడ్. ఆ ఆకలి సంగతి అడక్కండి, అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు చప్పుడయ్యేది.

ఛాతీ వైద్యం పీజీ: అక్క చెప్పిన వరసే సరైనది. టీబీ అయ్యుండి ముందే స్టెరాయిడ్ పడితే కొంప మునుగుతుంది. సార్కాయిడోసిస్ అని తేలినా అందరికీ మందు అక్కర్లేదు, బిళ్లలు మాత్రమే ఉంటే చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. వాడాల్సొస్తే రోజుకి 40 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తోనే మొదలెట్టాలని పట్టుబట్టకండి. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వాళ్లు 2023లో ప్రచురించిన పరీక్షలో 20తో మొదలెట్టినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువేమీ లేదు. అన్నట్టు, ఈ జబ్బు కళ్లకీ గుండెకీ పాకొచ్చు, కళ్లు చూపించారా? ఈసీజీ?

వేళచ్చేరి వాసి: రెండూ లేదండీ. గురువారం ఈబస్‌కి ఒప్పుకున్నాం.

తాంబరం తాతయ్య: సరే, చేయించండి. కానీ కల్చర్‌కి వెళ్లే ముక్కని సెలైన్‌లో వేయమనండి. అంతా ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా వేసే ద్రవం) వేస్తే క్రిమి ఉన్నా చస్తుంది, ఇక పెరగదు. అలాంటి సీసాలు ఎన్ని తిప్పి పంపానో!