అప్‌డేట్: బాబుకి మాటలొస్తున్నాయి

పుట్టినప్పుడే మెదడు ఎడమవైపు స్ట్రోక్ వచ్చిన మా బాబుకి పద్నాలుగు నెలలైనా మాట లేదని, అసలు వస్తుందా అని అడిగాను కదా. ఇప్పుడు రెండేళ్లు. ఇరవై మాటల దాకా అంటున్నాడు. మొదటిది ‘అమ్మ’ కాదు, ‘బువ్వ’! కాస్త కుళ్ళుకున్నాను లెండి.

గుంటూరులో స్పీచ్ థెరపిస్ట్ ముందు వినికిడి చూసే బెరా పరీక్ష చేయించమన్నారు. వినికిడి బాగానే ఉంది. పెద్దవాళ్లకి ఎడమవైపు దెబ్బతింటే మాట పోవచ్చు గానీ, పసిపిల్లల్లో కుడివైపు మెదడు ఆ పని అందుకోగలదట. ఆలస్యం మాత్రం మామూలేనట. మాట కంటే ముందు వేలితో చూపిస్తాడేమో గమనించమన్నారు. నిజమే, డాబా మీద చందమామని చూపించిన నెలన్నరకే ‘బువ్వ’ వచ్చింది.

‘అమ్మ రా’ లాంటి జంట మాటలు ఇంకా లేవు. స్ట్రోక్ ప్రభావం పడిన కుడిచేతికి ఫిజియో నడుస్తోంది. టెన్షన్ సగం తగ్గింది.