గేమ్ లైవ్ స్ట్రీమింగ్‌కి ఏ ఇంటర్నెట్ ప్లాన్ మంచిది?

మాది హనుమకొండ. మా తమ్ముడు యూట్యూబ్‌లో గేమ్ లైవ్ పెడుతుంటాడు. ఇప్పుడున్నది లోకల్ కేబుల్ వాళ్ల నెట్. డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్ వస్తుంది గానీ, రాత్రి తొమ్మిది తర్వాత అప్‌లోడ్ 5 కూడా దాటదు. సరిగ్గా ఫైట్ మొదలయ్యేసరికి ఓబీఎస్‌లో (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్) ఫ్రేములు డ్రాప్ అవుతాయి, చాట్‌లో "బ్రో, ల్యాగ్" అని ఒకటే గోల.

1080పీ 60 ఫ్రేములకి యూట్యూబ్ 12 ఎంబీపీఎస్ పెట్టమంటోంది. అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఇచ్చే ఫైబర్‌లో 50 సరిపోతుందా, 100 తీసుకోవాలా? టీవీ కూడా దాని మీదే నడవాలి, అమ్మ సీరియల్ ఆగిందంటే ఇక అంతే! మేడ మీద డబ్బా బిగించే 5జీ కనెక్షన్ కూడా చూశాం. దాంట్లో పింగ్ (డేటా సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే టైమ్) నిలకడగా ఉంటుందా? వాడుతున్నవాళ్లు రాత్రిపూట అప్‌లోడ్ ఎంత వస్తోందో కాస్త చెప్పండి. బడ్జెట్ నెలకు వెయ్యి లోపే.