గ్రామర్ వచ్చు, మాట మాత్రం సాగదు. పెద్దవాళ్ల ఇంగ్లిష్ బ్యాచ్‌కి ఏం చేయాలి?

ప్రశ్న:
నమస్తే అండి. విజయవాడలో సాయంత్రాలు పెద్దవాళ్లకి స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. 12 మంది ఉన్నారు, బ్యాంకు ఉద్యోగులు, ఒక మెడికల్ రెప్, ఇద్దరు గృహిణులు, అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లబోయే ఒక రిటైర్డ్ మాస్టారు. పేపర్ చదువుతారు, మెయిల్ రాస్తారు, టెన్సులు అడిగితే టకటకా చెప్తారు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమంటే మాత్రం ఒక ప్రశ్న, ఒక జవాబు, అంతే, ఇక ఇద్దరూ నా మొహం చూస్తారు. తప్పు వెంటనే దిద్దితే ముడుచుకుపోతున్నారు, దిద్దకపోతే ఏమీ నేర్పట్లేదంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు 1:
తెలుగులో ఎవరైనా ఏదైనా చెబుతుంటే మనం ఊరికే వింటామా? "ఊఁ", "ఔనా", "అయ్యో, తర్వాత?" అంటూనే ఉంటాం. అదే మనిషి ఇంగ్లిష్‌లోకి రాగానే బొమ్మలా కూర్చుంటాడు. ముందు ఆ చిన్న మాటలే నేర్పండి: "ఓ, రియల్లీ?", "దెన్ వాట్ హ్యాపెండ్?", "సారీ, ఐ డిడ్న్ట్ క్యాచ్ దట్". రెండోది, జవాబు ఒక్క ముక్కతో ఆపనివ్వకండి. "బ్యాంకులో చేస్తాను" అన్నాక ఇంకో సంగతి కలిపి, ఎదుటివాళ్లని ఒక ప్రశ్న అడగాలి. మా క్లాసులో రెండు వారాలు ఇదొక్కటే చేయించాను, తేడా నా చెవులకే తెలిసింది.

జవాబు 2:
4-3-2 చేయించండి. ఒకే కథని మొదట ఒకరికి 4 నిమిషాలు, తర్వాత ఇంకొకరికి 3, మూడో మనిషికి 2 నిమిషాల్లో చెప్పాలి. న్యూజిలాండ్‌లో పాఠాలు చెప్పిన పాల్ నేషన్ రాతల వల్ల బాగా వ్యాపించిన పద్ధతి ఇది. ఏం చెప్పాలో రెండోసారికే తెలిసిపోతుంది కాబట్టి వెతుక్కోవడం తగ్గి మాట సాగుతుంది. కాలుష్యం లాంటి వ్యాసం టాపిక్‌లు వద్దండి, ఫోన్ పోయిన రోజు, ఇల్లు మారినప్పటి తిప్పలు ఇవ్వండి. వాళ్లు మాట్లాడేటప్పుడు మీరు తప్పులు కాగితం మీద రాసుకుని, చివరి 10 నిమిషాల్లో ఎవరివో చెప్పకుండా బోర్డు మీద పెట్టి వాళ్లచేతే దిద్దించండి. అప్పుడు రెండు ఫిర్యాదులూ ఉండవు.

జవాబు 3:
దిద్దడం గురించి ఒక మాట. అన్నీ దిద్దకండి, తెలుగు నుంచి నేరుగా వచ్చేవి రెండు పట్టుకోండి. "డైలీ ఐ విల్ కమ్ బై బస్" అంటారు, ఎందుకంటే మన "వస్తాను" రోజూ వచ్చేదానికీ రేపు రాబోయేదానికీ ఒకటే. ఇంకోటి "వేర్ యూ ఆర్ స్టేయింగ్?", మనకి ప్రశ్నలో మాటల వరస మారదు కదా. కారణం చెబితే పెద్దవాళ్లు చిన్నబుచ్చుకోరు, ఇష్టంగా వింటారు. మాస్టారికి మాత్రం ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగే ప్రశ్నలు విడిగా ప్రాక్టీస్ చేయించండి, ఎందుకు వచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎవరింట్లో, ఇవే ముందు కావాలి ఆయనకి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. సోమవారం 4-3-2 మొదలుపెడతా. ఒకరు రాకపోతే 11 మందే ఉంటారు, జంటలు కుదరవు, అప్పుడెలా?

జవాబు 2:
ఒకచోట ముగ్గుర్ని కూర్చోబెట్టండి. చెప్పేది ఒకరు, వినేది ఇద్దరు, ఆ ఇద్దరూ చివర్లో చెరో ప్రశ్న అడగాలి. తర్వాతి రౌండ్‌లో చెప్పేవాళ్లు మాత్రమే లేచి పక్క గుంపుకి మారితే సరి.