పిల్లి ఉంది, బోను ఉంది, అయినా ఎలుకలు పోవట్లేదు

మిర్యాలగూడ కోడలు:
మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద పొలాలు, ఇంటి వెనక ప్రహరీ దాటితే వరి. యాసంగి కోతలు అయ్యాయంటే చాలు, పొలంలో ఎలుకలన్నీ మా ఇంటికి మకాం మారుస్తాయి. ఏటా ఉండేదే. ఈసారి మాత్రం కంటి మీద కునుకు లేదు.

ముందు వాషింగ్ మెషిన్ పైపు కొరికాయి. కొత్తది వేయిస్తే వారం తిరక్కుండా దానికీ అదే గతి. తర్వాత మా ఆయన బండి వైర్లు. మొన్న రాత్రి దేవుడి గూట్లో పెట్టిన కొబ్బరి చిప్ప కూడా మాయం. "వినాయకుడి వాహనం కదా, తిననీలే" అని మా అత్తమ్మ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

బాత్రూం గోడ పక్కన నా పిడికిలి పట్టేంత బొక్కలు ఐదున్నాయి, ఒక్కోదాని ముందు తోడిపోసిన మట్టి. రాత్రయితే అటక మీద పరుగులు. బోనులో మొదటిరోజు ఒకటి పడింది. ఆ తర్వాత మిర్చి బజ్జీ పెట్టినా దాని మొహం చూడట్లేదు. పిల్లి ఉంది, పాలు తాగి సోఫాలో పడుకుంటుంది.

మా ఆయన ట్యూబులో వచ్చే పేస్టు తెచ్చాడు, టమాట ముక్కకు రాసి పెట్టాలట. నేను పెట్టనివ్వలేదు. పాపకు రెండున్నరేళ్లు, కింద ఏం దొరికినా నోట్లోకే పోతుంది. ఏడు కోళ్లు కూడా ఉన్నాయి. మందు లేకుండా దారి ఉంటే చెప్పండి. "ఇంకో పిల్లిని పెంచండి" అని మాత్రం అనకండి.

రైస్ మిల్లు తమ్ముడు:
అక్కా, సింపుల్. గోదాముల్లో బస్తాల మధ్య పెట్టే గోళీలు ఉంటాయి. బొక్కకు ఒకటి వేసి మట్టి కప్పెయ్, తెల్లారేసరికి సాఫ్.

రిటైర్డ్ సైన్స్ సార్, నాగర్‌కర్నూల్:
తమ్ముడూ, ఆ సలహా వెనక్కి తీసుకో. ఆ గోళీకి తేమ తగిలితే ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది. బాత్రూం గోడ పక్కన బొక్కలో వేస్తే అది నేల సందుల్లోంచి పడకగదిలోకి రాదని ఎవరు చెప్పగలరు? ఇళ్లలో వాడే వస్తువు కాదది.

అమ్మా, ఆ పేస్టు పెట్టనివ్వక మంచి పని చేశారు. అలాంటి ట్యూబుల్లో పసుపు భాస్వరం ఉంటుంది. కడుపులోకి పోతే కాలేయాన్ని తినేస్తుంది, విరుగుడు మందు లేదు. మొదటి వాంతులు తగ్గాక ఒకటి రెండు రోజులు మనిషి మామూలుగానే కనిపిస్తాడు, అందుకే ఇంట్లోవాళ్లు మోసపోతారు. పెరట్లో పారేయొద్దు, కొన్న షాపులోనే తిరిగి ఇచ్చేయండి.

ఇక అసలు సంగతి. మీ ఇంట్లో ఉన్నవి ఒక రకం కాదు, రెండు. అటక మీద పరుగెత్తేది ఇంటి ఎలుక. దాని తోక ఒంటికన్నా పొడుగు, కొమ్మలూ కేబుల్ వైర్లూ పట్టుకుని పైనుంచి వస్తుంది. బాత్రూం పక్కన మట్టి తోడేది పందికొక్కు. (ఇంగ్లీషువాళ్ల 'బాండికూట్' మన పందికొక్కే. క్లాసులో ఇది చెప్తే పిల్లలు నమ్మేవాళ్లు కాదు.) పైదానికి వేసిన మంత్రం కిందిదానికి పారదు.

సాయంత్రం బొక్కలన్నీ తడిమట్టితో మూసి, పొద్దున ఏవి తెరుచుకున్నాయో చూడండి. కాపురం ఉన్నవి అవే. పందికొక్కు పోయిందని తేలాకే అందులో గాజు పెంకులు, కంకర, సిమెంటు కూరండి, లేకపోతే పక్కనుంచి ఇంకోటి తవ్వుతుంది.

బోనుకు ఓపిక కావాలి. ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. మూడు నాలుగు రోజులు తలుపు పడకుండా తాడుతో కట్టేసి, లోపల ఎర పెడుతూ ఉండండి. భయం లేకుండా తిని పోవడం మరిగాక తాడు విప్పండి. ఎండుచేప కాల్చి పెడితే మా దగ్గర బాగా పడేవి.

జడ్చర్ల వదిన:
సార్ చెప్పింది నిజమే కానీ ముందు తిండి బంద్ చేయాలి. మా ఇంట్లో పల్లికాయ బస్తాలు పోయేదాకా ఎలుకలు పోలేదు. చెల్లీ, కోళ్లకు నూకలు ఎప్పుడు వేస్తావు? మిగిలినవి రాత్రంతా అక్కడే ఉంటాయా?

ఇంకోటి. పెంటికలు పొడిగా ఊడ్చొద్దు. బ్లీచింగ్ నీళ్లు చల్లి, నానాక గ్లౌజులు వేసుకుని తీయి. ఎలుక ఉచ్చ కలిసిన నీళ్లు కాలి పుండుకు తగిలినా జ్వరం వస్తుంది. మా మరిది ఆ ఎలుక జ్వరంతో పది రోజులు మంచంలో ఉన్నాడు.

మిర్యాలగూడ కోడలు:
మూడు వారాలయింది, అందరికీ చెప్దామని వచ్చాను.

వదినా, దొంగ దొరికింది, నేనే. సాయంత్రం నూకలు చల్లి అలాగే వదిలేసేదాన్ని. ఇప్పుడు పొద్దునే వేసి, మిగిలింది ఎత్తేస్తున్నా. బియ్యం, చిట్టు మూత ఉన్న డ్రమ్ముల్లోకి పోయాయి.

పైనుంచి ఎటు వస్తున్నాయో తెలియక, రాత్రి అటక అంచు మీద, కిటికీ దగ్గర ముగ్గుపిండి పలచగా చల్లాను. పొద్దున చూస్తే చిన్న చిన్న కాళ్ల గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన గీత, వెంటిలేటర్ దాకా. బయట మునగకొమ్మ సరిగ్గా దాని మీద వాలి ఉంది. కొమ్మ కొట్టించి, వెంటిలేటర్‌కు ఇనుప జాలీ వేయించాం. బొటనవేలు పట్టే సందు కూడా వదలొద్దన్నాను. మా ఆయన మేస్త్రి కన్నా నాకే ఎక్కువ భయపడ్డాడు. లోపల మిగిలినవి ఎండుచేప బోనులో మూడు పడ్డాయి. తర్వాత చప్పుడు లేదు.

అటక దులిపితే గూడు దొరికింది. మా మామయ్య దాచుకున్న పాసుపుస్తకం జిరాక్సులన్నీ సేమ్యాల్లా చీల్చి పరిచాయి. అసలుది బీరువాలో ఉంది కాబట్టి బతికిపోయాం.

బొక్కలు ఐదింటిలో పొద్దునకు తెరుచుకున్నవి రెండే. పెద్ద బోనులో ఒక పందికొక్కు పడింది. వెంట్రుకలు నిక్కబొడిచి గుర్రుమంటుంటే పాప "పంది, పంది" అని గంతులేసింది. మా పిల్లి మాత్రం బీరువా ఎక్కి కూర్చుంది. ఆ బొక్క మూసేశాం. రెండోది నేను రోజూ మూయడం, అది రోజూ తెరవడం. సార్, బోను బొక్కకు ఎదురుగా పెట్టాలా, గోడ వెంబడి పక్కకు పెట్టాలా?

రిటైర్డ్ సైన్స్ సార్, నాగర్‌కర్నూల్:
గోడ వెంబడే పెట్టండి, అది గోడను ఆనుకునే నడుస్తుంది. తలుపు మాత్రం మూడు రోజులు కట్టే ఉంచండి.