దెప్పలుగ జెరువు నిండిన: తెప్పా, దెప్పా?

ప్రశ్న:
మొన్న ఫోన్‌లో "పని కుప్పలు తెప్పలుగా పడి ఉంది" అన్నాను. అన్నప్పటి నుంచి సుమతీ శతకంలోని "ఎప్పుడు సంపద గలిగిన / నప్పుడు బంధువులు వత్తు రది యెట్లన్నన్ / దెప్పలుగ జెరువు నిండిన / గప్పలు పదివేలు చేరు గదరా సుమతీ" పద్యం నోట్లో ఆడుతూనే ఉంది. కుప్ప సరే. తెప్ప అంటే నీటి మీద తేలేది కదా, పని తెప్పలుగా ఎలా పడుతుంది? చెరువు తెప్పలుగా ఎలా నిండుతుంది? పైగా నాకు నోటికి వచ్చింది 'దెప్పలుగ'. పుస్తకం తీస్తే 'తెప్పలుగ' అని ఉంది.

జవాబు:
'దె' అనే చదవాలండీ. పై పాదం 'యెట్లన్నన్' అని ముగిసింది. ఆ పొల్లు నకారం వల్ల త కాస్తా ద అయింది. పాదాలు విడగొట్టి అచ్చు వేసేవాళ్ళు పిల్లలకు తెలియాలని 'తె' వేస్తారు.

జవాబు:
పాదం చివర ఆగి ఊపిరి తీసుకున్నాక ఇంకా సంధి ఎక్కడిది? నేను 'తె' అనే చదువుతాను.

జవాబు:
ఆగండి, తప్పు లేదు. కానీ 'న్' పలికారంటే ద్రుతాన్ని (మాట చివర వచ్చే ఆ నకారాన్ని) ఉంచినట్టే. దాని మీద పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) కావాల్సిందే. చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చెప్పింది ఇదే. ఈ పద్యం రెండో సగాన్ని అరసున్నలతో చూడండి: దెప్పలుగఁ జెరువు నిండినఁ గప్పలు పదివేలు చేరుఁ గదరా. నాలుగు చోట్ల సరళాదేశం (పరుషం సరళం కావడం) జరిగింది. మూడు చోట్ల ద్రుతం అరసున్నగా మిగిలింది, మొదటి చోట నిండు పొల్లుగా నిలిచింది. ఇప్పటి అచ్చులో అరసున్నలు పోయాయి కాబట్టి ఈ మార్పు ఎందుకొచ్చిందో కంటికి ఆనదు. 'గప్పలు' విని ఎవరూ తడబడరు, ఎందుకంటే కప్ప అందరికీ తెలుసు. తెప్ప తెలియదు, అందుకే అక్కడ అనుమానం వస్తోంది.

జవాబు:
మొదటి పాదం వదిలేశారు మాస్టారూ. 'సంపద గలిగిన'లో ద్రుతమే లేదు. అది ప్రథమా విభక్తి మాట మీది పరుషం, గసడదవాదేశం (క చ ట త ప లకు గ స డ ద వ లు రావడం). అదీ బహుళమే (ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు) కాబట్టి 'కలిగిన' అన్న పాఠమూ చెల్లుతుంది.

జవాబు:
అసలు 'తెట్టెలుగ' ఏమో? నిండిన చెరువులో నాచు తెట్టెలు కడుతుంది కదా.

జవాబు:
కుదరదండీ. ఎప్పుడు, అప్పుడు, కప్పలు... ఈ పద్యం కందం. కందంలో ప్రాస తప్పదు, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరపు హల్లు ఒకటే కావాలి. ఇక్కడ అది 'ప్ప' అయి తీరాలి. ప్రాస రెండో అక్షరానికే కాపలా. మొదటి అక్షరానికి కాపలా లేదు కాబట్టే తె, దె గొడవ.

ఇక అర్థం. తమిళంలో తెప్పం, కన్నడంలో తెప్ప, రెండూ నీటి మీద తేలే తెప్పే. తెప్పలు తేలేంత నీరు నిండిందని నా అన్వయం.

జవాబు:
'తేలేంత' అన్న మాట పద్యంలో ఏదీ? 'గుంపులుగా వచ్చారు' అంటే వచ్చినవాళ్ళే గుంపులు. 'ధారలుగా కారింది' అంటే కారిందే ధార. అలా చూస్తే 'తెప్పలుగ నిండిన' అన్నప్పుడు నీరే తెప్పలు కావాలి. దుంగలు ఒకచోట చేర్చి కడితే తెప్ప. కాబట్టి ఆ మాటకు పోగు, మొత్తం అనే అర్థం ఉండి ఉండాలి. 'కుప్పలు తెప్పలు'లో ఉన్నదీ అదే. జంటపదంలో రెండో మాటను ఊతపదమని కొట్టేయకూడదు. 'చెట్టూ చేమా'లో చేమ నిజం మొక్కే, చేమదుంప దాందే.

జవాబు:
కుప్ప అనగానే నాకు పోతన వచ్చేశాడు. "కుప్పించి యెగసినఁ గుండలంబుల కాంతి గగనభాగం బెల్లఁ గప్పికొనఁగ". అంపశయ్య మీద ఉన్న భీష్ముడు, తన మీదికి రథం దూకి వచ్చిన కృష్ణుణ్ణి తలుచుకుంటున్నాడు. ముందు ఆ ఎగురు, వెంటనే చెవి పోగుల వెలుగు, ఆకాశం నిండిపోవడం. 'కుప్పించి'లో ఒత్తు దగ్గర పెదవులు మూసుకుని విడివడతాయి చూడండి, అదే గెంతు. ఇందులో కుప్ప రాశి కాదు, గంతు. 'కుప్పిగంతులు'లో మిగిలింది అదే.

జవాబు:
'ఎల్లఁ గప్పి'లోనూ సరళాదేశమే. కప్పి, గప్పి!

ప్రశ్న అడిగినవారు:
రాత్రి పద్యం పైకి చదివి చూసుకున్నాను. 'అన్నన్' దగ్గర నాలుక పళ్ళ వెనక ఆనుకుంటుంది, గొంతులో నాదం మోగుతూనే ఉంటుంది. నాలుక కదలకుండానే దకారం వచ్చేస్తోంది. 'తె' అనాలంటే ఆ నాదాన్ని పనిగట్టుకుని ఆపాలి. ఇన్నేళ్ళూ నోరు సరిగ్గానే చదివిందన్నమాట. అర్థానికి మాత్రం పోగు వైపే నా మనసు లాగుతోంది.

జవాబు:
తెప్పలు తేలేంత నీరనే నేను ఇప్పటికీ అంటాను. అది సరే, 'రాళ్ళూ రప్పలూ'లో రప్ప ఏమిటి?