అప్‌డేట్: కుక్కలతో అనంతపురం నుంచి కన్యాకుమారి

రెండు కుక్కల్ని కారులో కన్యాకుమారి దాకా తీసుకెళ్లొచ్చా అని పోయిన నెల అడిగాను కదా, వెళ్లొచ్చేశాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

దారి సింపుల్, 44వ నంబరు జాతీయ రహదారే చివరిదాకా. తెల్లారకముందే బయల్దేరమన్న మాట బాగా పనికొచ్చింది. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే చల్లబడాలి. అందుకే ఎండెక్కితే ఏసీ ఆపలేదు, టీకి దిగినా ఒకరం కారులోనే ఉన్నాం. కిందికి దించేముందు తారు మీద అరచేయి వెనక వైపు ఆనించి చూసేవాళ్లం. మన చేతికి చురుక్కుమంటే వాటి పాదాలకూ అంతే.

వాంతుల సంగతి. ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపేశాం, నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా ఇచ్చాం. పెద్దదానికి ఏమీ కాలేదు. చిన్నది ధర్మపురి దాటాక తొప్పూరు ఘాట్‌లో పెదాలు నాక్కుంటూ, చొంగ కారుస్తూ మా ఆవిడ ఒళ్లోకి ఎక్కింది. బండి పక్కకు తీసేలోపే కొత్త దుప్పటి పోయింది. తిరుగు ప్రయాణానికి డాక్టరు చెప్పిన మాత్ర వేశాం, హాయిగా పడుకుంది.

మదురైలో ఒక లాడ్జి వాళ్లు ఫోన్లో సరేనని, తీరా వెళ్లాక కుదరదన్నారు. రాత్రిపూట మళ్లీ రూము వెతుక్కోవడం ఒక టెన్షన్. ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో రాయించుకోండి. తర్వాత దిగినచోట రేబిస్ టీకా కార్డు అడిగారు, అది దగ్గరుంచుకోండి.